గోడ మందం కొలుస్తూ: అబర్డీన్‌షైర్ బురుజు ఇళ్ళ మధ్య ఐదు రోజులు

స్కాట్లాండ్ నుంచి తిరిగివచ్చి తొమ్మిది రోజులైంది. సంచి అడుగున ఉన్న నోటుపుస్తకం తీస్తే, తొమ్మిదేళ్ళ మా మనవరాలు గీసిన పట్టిక మొదటి పుటలోనే కనబడింది. మూడు నిలువు గడులు: కోట పేరు, కట్టిన కాలం, గోడ మందం. మందాన్ని మూరల్లో రాయమన్నది నేనే. మూర అనేది మోచేతి నుంచి వేలికొస దాకా ఎప్పుడూ మనిషి వెంటే ఉండే కొలత. ముప్పయి నాలుగేళ్ళ కట్టడాల ఉద్యోగంలో టేపు అందుబాటులో లేని రోజున నన్ను ఆదుకున్నది అదే.

మాది వరంగల్లు వైపు ఒక చిన్న పల్లె. ఊరి మధ్యలో పాత బురుజు ఒకటి ఉంది. దోపిడీ దండు వస్తున్నదని తెలిస్తే కాపలావాళ్ళు దానిపైకి ఎక్కి డప్పు కొట్టేవారని మా నాయనమ్మ చెప్పేది. అందుకే అబర్డీన్‌లో ఉంటున్న మా అమ్మాయి, “నాన్నా, ఇక్కడ చుట్టుపక్కల పల్లెల్లో మనుషులు కాపురమున్న బురుజులు చాలా ఉన్నాయి” అని ఫోనులో చెప్పినప్పుడు, ఆ ‘కాపురమున్న’ అనే మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. మన బురుజు ఊరికి కాపలా కాసేది. వారి బురుజు ఒక కుటుంబం పుట్టి, పెరిగి, అన్నం తిని, నిద్రపోయిన ఇల్లు. ఇంగ్లీషులో టవర్ హౌస్ అనే ఆ కట్టడాన్ని నేను ఇక్కడ బురుజు ఇల్లు అనే పిలుస్తాను.

జూన్ 10: అబర్డీన్

పొద్దున లేచి కిటికీ తెర తీస్తే ఎదురింటి కప్పు కనబడలేదు. సముద్రం మీది నుంచి ఊరిలోకి నడిచివచ్చే ఈ చల్లని పొగమంచును ఇక్కడివారు హార్ అంటారు. పది గంటలకు అది విడిపోయి ఎండ పడగానే వీధి వీధంతా మెరిసింది. ఊరు ఊరంతా బూడిదరంగు గ్రానైటుతో కట్టినదే, ఆ రాతిలోని అభ్రకం ఎండకు తళుక్కుమంటుంది.

మూల మీద రొట్టెల దుకాణంలో ఒక పెద్దావిడ “ఫిట్ లైక్?” అని పలకరించింది. డోరిక్ అనే ఇక్కడి మాండలికంలో ‘ఎలా ఉన్నారు’ అనడం అదట. ‘వ్హ’ పలకవలసిన చోట వీరు ‘ఫ’ పలుకుతారని మా అల్లుడు చెప్పాడు. “నే బ్యాడ్” అని జవాబివ్వాలట. నేను అలాగే అన్నాను, ఆవిడ ముఖం విప్పారింది. అబర్డీన్ ప్రత్యేకం బటరీ అనే ఉప్పటి, పొరలు పొరలుగా ఉండే, అరచేత్తో అణచినట్టున్న రొట్టె. మా ఆవిడ శాకాహారి కావడంతో అందులో ఏమి వేస్తారని అడిగింది. ఆ పెద్దావిడ దాచకుండా, పాత పద్ధతిలో పంది కొవ్వు వేస్తారమ్మా అని చెప్పి, ఓట్స్ పిండితో కాల్చిన పలుచని బిళ్ళలు చూపించి, అవి తీసుకోమంది. కొనేవారికి నిజం చెప్పడం అక్కడ ఎక్కడ చూసినా కనబడిన మర్యాద.

మధ్యాహ్నం డాన్ నది మీది బాల్గౌనీ వంతెన చూడటానికి వెళ్ళాం. ఒకే ఒక కోసు కమాను. కింద నీరు నల్లగా, నిలిచినట్టుగా ఉంది. మొదలుపెట్టింది 13వ శతాబ్దం చివర, పూర్తయింది 14వ శతాబ్దం మొదట్లో అంటారు. 17వ శతాబ్దంలో చాలా భాగం తిరిగి కట్టారు. ఈ వంతెననూ, మరునాడు మేము చూడబోయే డ్రమ్ బురుజునూ కట్టినవాడు రిచర్డ్ సెమెంటేరియస్ అని ఇక్కడ పరంపరగా చెప్పుకుంటారు. సెమెంటేరియస్ అనేది లాటిన్ మాట, తాపీ మేస్త్రి అని అర్థం. అంటే అది ఇంటిపేరు కాదు, వృత్తి. 1272లో ఆయన అబర్డీన్ నగరానికి ప్రొవోస్ట్, అంటే నగర పెద్ద. ఆ పదవిలో పేరు దొరికిన మొట్టమొదటి మనిషి ఆయనే. తాపీ పట్టిన చెయ్యి నగరాన్ని ఏలిందన్నమాట. కట్టడాల మీద దొరల పేర్లూ రాజుల పేర్లూ మాత్రమే చూస్తూ వచ్చిన నాకు, ఆ వంతెన పిట్టగోడ మీద చెయ్యి వేసినప్పుడు ఎంతో తృప్తి కలిగింది.

జూన్ 11: డ్రమ్

డీ నది వెంట పడమటి దిక్కుకు పోయే బస్సు ఎక్కాం. ఊరికి పది మైళ్ళు. దిగేటప్పుడు ప్రతి ప్రయాణికుడూ డ్రైవరుకు కృతజ్ఞత చెప్పి దిగుతున్నాడు. మా మనవరాలు గట్టిగా “థాంక్యూ” అంటే ఆయన చెయ్యి ఊపాడు. అక్కడి నుంచి దాదాపు మైలు దూరం చెట్ల నీడన నడక. ఒకనాటి రాజుగారి వేట అడవిలో మిగిలిన ముసలి ఓక్ చెట్లు ఇప్పటికీ కోట పక్కనే ఉన్నాయి.

టికెట్టు తలా మన రూపాయల్లో పదిహేను వందలు దాటుతుంది. మేము చూసిన మూడు కోటలూ పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ అనే సంస్థ అధీనంలోనే ఉన్నాయి కాబట్టి, ఇంటిల్లిపాదికీ ఒక ఏడాది సభ్యత్వం తీసుకుంటే లెక్క తేలికవుతుందని మా అల్లుడు ముందే ఆ పని చేసి ఉంచాడు. అబర్డీన్‌షైర్‌లో రెండు మూడు కోటలకు మించి చూసేవారికి అదే మేలు.

డ్రమ్‌లో మూడు కాలాలు ఒకదాన్ని ఒకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి: పాత బురుజు, 1619లో దాని పక్కన చేర్చిన పెద్ద భవంతి, 19వ శతాబ్దపు మార్పులు. నా కన్ను మాత్రం బురుజు మీది నుంచి మరలలేదు. దాదాపు 70 అడుగుల ఎత్తు, చతురస్రానికి దగ్గరగా ఉండే నిలువెత్తు రాతిదిమ్మె, పైన కోట పళ్ళు. మూలలు పదునుగా లేవు, గుండ్రంగా తిప్పారు. పదును మూల ఉంటే గునపం పెట్టి రాళ్ళను పెకలించడం సులువు. గుండ్రటి మూలకు ఆ పట్టు దొరకదు. బయటి గోడకు కిటికీ అనదగినది పైకి వెళితే గాని లేదు. నేల మట్టాన ధాన్యమూ నీళ్ళబావీ ఉన్న కొట్టు, దానిపైన కమాను కప్పుతో ఒక పెద్ద గది, దానిపైన మరొకటి. అసలు వాకిలి నేల మీద కాక మొదటి అంతస్తు ఎత్తున ఉండేది. శత్రువు వస్తే ముందు మెట్లు తీసేస్తారు, ఆ తర్వాతే మాట.

ఈ రకం ఇల్లు ఎందుకు పుట్టిందో డ్రమ్ ముందు నిలబడితే తెలుస్తుంది. 1296 నుంచి ఇంగ్లాండుతో తరాలపాటు సాగిన యుద్ధాల్లో పెద్ద పెద్ద ప్రాకారాల కోటలు చేతులు మారుతూ పోయాయి. శత్రువు చేతికి చిక్కి ఆ గోడలు తనకే ఎదురు తిరగకూడదని స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ తాను గెలుచుకున్న కోటలను తానే పడగొట్టించేవాడు. మైలు పొడుగు ప్రాకారం కట్టడానికి చిన్న దొరకు డబ్బు లేదు, దాన్ని కాయడానికి మనుషులు లేరు. కాని రాయి ఉంది, సున్నం ఉంది. అందుకని మన మండువా ఇంటిని విడదీసి ఒక గది మీద ఒక గదిగా పేర్చినట్టు, వంటిల్లూ కొట్టూ కింద, కచేరీ సావడి మధ్యలో, పడకగది పైన పెట్టి, చుట్టూ ఒక్క మందపాటి గోడ చుట్టేశారు. పదిమందితో కాచుకోవచ్చు.

1323లో రాబర్ట్ బ్రూస్ ఈ బురుజునూ భూమినీ తనకు నమ్మకస్థుడైన విలియం డి ఇర్విన్‌కు ఇచ్చాడు. అప్పటి నుంచి 1976లో ట్రస్టుకు దక్కేదాకా, 653 ఏళ్ళు, అదే వంశం అదే ఇంట్లో ఉంది. 1411 హార్లా యుద్ధంలో ఈ ఇంటి దొరా, హెక్టర్ మెక్లీన్ అనే పడమటి దీవుల వీరుడూ ఒకరి చేతిలో ఒకరు చనిపోయారని ఇక్కడివారు ఇప్పటికీ పాటగా పాడుకుంటారు. 1640ల అంతర్యుద్ధంలో కోట దోపిడీకి గురైంది. ఆ గోడలు మాత్రం కదలలేదు.

లోపల బురుజు కింది సావడిని 19వ శతాబ్దంలో గ్రంథాలయంగా మార్చారు. వెలుతురు కోసం మధ్యయుగపు గోడను తొలిచి పెద్ద కిటికీ పెట్టారు, దానివల్లనే గోడ మందం కడుపు కోసి చూపినట్టు బయటపడింది. అనుమతి అడిగి, కిటికీ పక్కన గోడ మీద చెయ్యి ఆనించి మూర వెంట మూర వేశాను. మనవరాలు పైకి లెక్కపెట్టింది. కొలత దగ్గర దగ్గర ఎనిమిదికి వచ్చింది. అక్కడున్న స్వచ్ఛంద సేవకుడు, పదవీ విరమణ చేసిన పెద్దమనిషి, మేము ఏమి చేస్తున్నామో చూసి దగ్గరికి వచ్చాడు. అడుగు భాగంలో గోడ మందం 12 అడుగులని ఆయన చెప్పాడు. పన్నెండు అడుగులంటే సరిగ్గా ఎనిమిది మూరలు, అంటే రెండు బారలు. “మీ చెయ్యి మంచి టేపు” అని ఆయన నా చేతిని పట్టుకుని ఊపాడు.

ఆయనే మరొక సంగతి చూపించాడు. 2013లో బురుజు మరమ్మతుకు ముందు పరిశీలిస్తుండగా, పుస్తకాల బీరువాల వెనుక గోడలో మూసుకుపోయిన గదులు బయటపడ్డాయట. ఒకటి మధ్యయుగపు మరుగుదొడ్డి, కూర్చునే పీటతో సహా. మరొకటి, 1746 కలోడెన్ యుద్ధంలో ఓడిన పక్షాన పోరాడిన ఇంటి దొర అలెగ్జాండర్ ఇర్విన్ సైనికుల కంటబడకుండా దాక్కున్నాడని చెప్పుకునే గది. అంత మందం గోడ అంటే ఊరికే రాయి కాదు. అందులో మెట్లు, బీరువాలు, మరుగుదొడ్లు, ప్రాణం కాపాడుకునే సందులు ఇమిడి ఉన్నాయి. గోడ కూడా ఆ ఇంట్లో ఒక గదే.

తిరిగివచ్చేటప్పుడు కోట ఆవరణలోని ఫలహారశాలలో స్కోను అనే చిన్న రొట్టె, టీ తీసుకున్నాం. ఇద్దరికి పదకొండు పౌండ్లు. ధర విని మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు, కాని స్కోను వేడిగా ఉంది, మీగడ చిక్కగా ఉంది.

జూన్ 12: క్రాథిస్

డ్రమ్ నుంచి మరో అయిదు మైళ్ళు పడమటికి వెళితే క్రాథిస్. బర్నెట్ వంశానికి కూడా ఇక్కడి భూమి ఇచ్చింది 1323లో రాబర్ట్ బ్రూసే. ఆ దానానికి గుర్తుగా ఇచ్చాడని చెప్పే రత్నాలు పొదిగిన దంతపు కొమ్ముబూర సావడిలో నెగడు గూటి పైన వేలాడుతోంది. ఆ వంశం చాలాకాలం సరస్సు మధ్యలో మనుషులు చేసిన చిన్న దిబ్బ మీద నివసించి, 1553లో ఈ బురుజు మొదలుపెట్టి, ఆ శతాబ్దం చివరికి పూర్తి చేసింది.

డ్రమ్‌కూ దీనికీ మధ్య సుమారు రెండున్నర శతాబ్దాలు గడిచాయి. ఆ తేడా బయటి నుంచే తెలుస్తుంది. కింది భాగం ఇంకా బోసిగా, మూసుకున్న పెదవుల్లా ఉంది. పైకి వెళ్ళేకొద్దీ గోడలోంచి మెట్లు మెట్లుగా రాళ్ళు ముందుకు చొచ్చుకొచ్చి, వాటి మీద చిన్న చిన్న గోపురపు గదులు పిచ్చుక గూళ్ళలా అంటుకుని ఉన్నాయి. ఒకప్పుడు కింద నిలబడిన శత్రువు మీద బాణం వేయడానికి పుట్టిన ఆ మూల గూళ్ళు ఇక్కడికి వచ్చేసరికి చదువుకునే గదులయ్యాయి.

వాకిట్లో నన్ను చాలాసేపు నిలబెట్టింది ఇనుప కటకటాల తలుపు. దాన్ని యెట్ అంటారు. చూడగానే మన జైలు తలుపులా ఉంటుంది, కాని దగ్గరికి వెళ్ళి చూస్తే కడ్డీలను ఒకదానిమీద ఒకటి పెట్టి మేకు కొట్టలేదు. తలుపును నాలుగు భాగాలుగా ఊహించుకోండి. ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు భాగాల్లో నిలువు కడ్డీలకు కన్నం చేసి అడ్డకడ్డీలను దూర్చారు. మిగిలిన రెండు భాగాల్లో అడ్డకడ్డీలకు కన్నం చేసి నిలువు కడ్డీలను దూర్చారు. అందువల్ల ఏ ఒక్క కడ్డీనీ ఏ వైపుకు లాగినా ఊడిరాదు. మొత్తం తలుపును కరిగించి విప్పాలి తప్ప వేరే దారి లేదు. ఈ అల్లిక స్కాట్లాండ్ కమ్మరుల సొత్తు. ఆ కన్నాల అంచులు నేను వేలితో తడిమి చూశాను; ఎర్రగా కాల్చిన ఇనుమును పొడిచినప్పుడు రెండు పక్కలకూ ఉబ్బిన గుర్తు నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా వేలికి తగులుతుంది. 1606లో రాజుగారి సలహా మండలి అయిన ప్రివీ కౌన్సిల్ ఇంగ్లాండు సరిహద్దు ప్రాంతపు ఇళ్ళలోని యెట్‌లను ఊడదీసి నాగటి కర్రులకు, ఇతర పనిముట్లకు వాడమని ఉత్తర్వు ఇచ్చింది. స్కాట్లాండుకూ ఇంగ్లాండుకూ రాజు ఒక్కడే అయ్యాక దొంగదాడుల కాలం ముగిసిందని సర్కారు చెప్పిన పద్ధతి అది. అబర్డీన్ వైపు తలుపులకు ఆ ఉత్తర్వు వర్తించలేదు కాబట్టి ఈ తలుపు మిగిలింది.

చుట్టు మెట్ల మీద ఒక చోట మెట్టు ఎత్తు మిగిలినవాటికి తేడాగా ఉంది. చీకట్లో పరుగెత్తుకొచ్చే పరాయివాడు అక్కడ తడబడతాడు, ఇంటివాడి కాలికి అలవాటే. ముందే హెచ్చరించినా నాకు మోకాలు గోడకు తగిలింది. ఈ మెట్లు గడియారం ముల్లు దిక్కుకే ఎందుకు తిరుగుతాయనే దానికి, పైనుంచి పోరాడేవాడి కుడిచేతికి చోటు దొరకాలని, అని ఎక్కడికి వెళ్ళినా చెబుతారు. పండితులు దీన్ని అంతగా ఒప్పుకోరు, ఎడమకు తిరిగే మెట్లు కూడా పాత కోటల్లో కావలసినన్ని ఉన్నాయి. మేస్త్రి వాడుకా, వాకిలి ఉన్న దిక్కూ కూడా కారణాలేనని నాకు తోస్తుంది.

క్రాథిస్ లోపలి గదుల్లో కప్పులే గొప్ప. 1599, 1602 తేదీలు వేసిన దూలాల మీద, పలకల మీద రంగు బొమ్మలు. ఒక గదిలో హెక్టర్, అలెగ్జాండర్, జూలియస్ సీజర్, దావీదు, ఆర్థర్, షార్లెమేన్ మొదలైన తొమ్మిదిమంది వీరులు. వీరిలో మహాశూరుడు ఎవరో చెప్పి మరీ వెళ్ళమని దూలం పక్కన రాసిన పద్యం చదువరిని అడుగుతుంది. మరొక గదిలో తొమ్మిదిమంది కళాదేవతలు. తర్వాతి తరాలవారు వాటిమీద గచ్చు కప్పేస్తే, 1877లో అవి మళ్ళీ వెలుగు చూశాయి. పైకి చూస్తూ చూస్తూ మెడ పట్టేసింది. మా లేపాక్షి కప్పును చూసినప్పుడు కూడా అలాగే పట్టేసిందని మా ఆవిడ గుర్తు చేసింది.

పచ్చ దుస్తులు వేసుకున్న స్త్రీ ఒక గదిలో పసిబిడ్డను ఎత్తుకుని తిరుగుతుందని చెప్పే కథ కూడా విన్నాం. మనవరాలు ఆ గది దాటేదాకా నా వేలు వదల్లేదు. ఆ తర్వాత తోటలోకి వెళ్ళాం; 1702లో నాటిన యూ చెట్ల కంచెలు ఇప్పుడు ఇంటంత ఎత్తున, గోడలా దట్టంగా, చేత్తో చెక్కిన గుమ్మటాల్లా ఉన్నాయి.

జూన్ 13: అబర్డీన్, వాన

పొద్దంతా వాన. మా అమ్మాయి స్కర్లీ చేసింది. ఉల్లిపాయలు సన్నగా తరిగి, నూనెలో బాగా వేగనిచ్చి, ఓట్స్ రవ్వ పోసి పొడిపొడిగా వేయించే ఇక్కడి వంటకం. ఆవాలు, కరివేపాకు వేయలేదన్న మాటే గాని నోట్లో పెట్టుకుంటే ఉప్మాకు దూరపు చుట్టమే. పక్కింటివారు టాబ్లెట్ అనే మిఠాయి ఇచ్చారు. చక్కెర, వెన్న, పాలు కలిపి గట్టిపడేదాకా కలియబెట్టిన ముక్కలు. రవ్వరవ్వగా కరిగే దూద్‌పేడా అనుకోండి.

వాన చూస్తూ 1535 నాటి ఒక చట్టం సంగతి చదివాను. సరిహద్దు జిల్లాల్లో నూరు పౌండ్ల విలువచేసే భూమి ఉన్న ప్రతి భూస్వామీ తన మనుషులనూ వారి సొత్తునూ కష్టకాలంలో కాపాడుకోవడానికి రాయీ సున్నమూ పెట్టి 60 అడుగుల చదరపు ఆవరణ కట్టాలి. గోడ ఒక ఎల్ మందం, ఆరు ఎల్‌ల ఎత్తు ఉండాలి. లోపల తనకోసం బురుజు కావాలనుకుంటే కట్టుకోవచ్చు. స్కాట్లాండ్ ఎల్ అంటే 37 అంగుళాలు, మన రెండు మూరల మీద ఒక్క అంగుళం. కూలివాళ్ళకూ రైతులకూ పశువులకూ గోడ తప్పనిసరి, దొరగారి బురుజు మాత్రం ఐచ్ఛికం. రాసినవారి ఉద్దేశం ఎలా ఉన్నా, ఆ వరుస నాకు నచ్చింది. ఆ ఆవరణ గోడను బార్మ్‌కిన్ అంటారు. ఇప్పుడు చాలా చోట్ల బురుజులు మిగిలాయి, బార్మ్‌కిన్‌లు పోయాయి. ఆ రాళ్ళు తర్వాతి తరాల పశువుల కొట్టాలకు పనికొచ్చాయి. మా ఊరి కోటగోడ కూడా అలాగే మాయమైంది.

జూన్ 14: దారి తప్పి లంఫానన్, ఆ తర్వాత క్రెయిగీవార్

అల్లుడికి సెలవు కావడంతో కారులో బయలుదేరాం. బాంకరీ దాటాక ఫోనులో పటం ఆగిపోయింది. టార్ఫిన్స్ దాటి లంఫానన్ అనే పల్లెలో కుడికి తిరగవలసినవాళ్ళం నేరుగా పోయి, ఒక పొలం దారిలో ఆగాం. ట్రాక్టరు మీద వస్తున్న యువకుడిని అడిగితే, ఇంజను ఆపి, కిందికి దిగి, దారి చెప్పాక, “ఇంతదాకా వచ్చారు, పీల్ చూసి వెళ్ళండి” అన్నాడు.

పీల్ అంటే పొలాల మధ్య గుండ్రటి మట్టిదిబ్బ, చుట్టూ వెడల్పాటి కందకం, అంతే. 13వ శతాబ్దంలో దీనిమీద దొర నివాసం ఉండేది. 1296లో ఇంగ్లాండు రాజు మొదటి ఎడ్వర్డ్ ఇక్కడికి వచ్చి సర్ జాన్ డి మెల్విల్ చేత విధేయత ప్రకటింపజేసుకున్నాడు. అంతకు ముందు 1057లో స్కాట్లాండ్ రాజు మక్బెత్ ప్రాణం విడిచింది కూడా ఈ లంఫానన్ పరిసరాల్లోనే. పీల్ అనే మాటకు మూలం కర్రల కంచె. మట్టి, కట్టె, నీళ్ళు: రాతి బురుజుకు ముందు భయానికి మనిషి వెతుక్కున్న జవాబు ఇదే. గడ్డి మీద గొర్రెలు మేస్తున్నాయి. “మామయ్యా, దారి తప్పడమే మంచిదైంది” అన్నాడు అల్లుడు. దిబ్బ మీదనే కూర్చుని, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిన్నాం.

క్రెయిగీవార్ మలుపు తిరగగానే చెట్ల మధ్య లేత గులాబి రంగు కనబడింది. అందరూ ఒక్కసారే మాటలు ఆపేశాం. ఏడు అంతస్తుల కట్టడం. అడుగు నుంచి మూడు వంతుల ఎత్తు దాకా అలంకారమే లేదు, మూలలు మెత్తగా తిరిగి ఉన్నాయి, కిటికీలు చిన్నవి. ఆ పైన ఒక్కసారిగా గోపురాలు, శంఖాకారపు కప్పులు, మెట్లలా కోసిన త్రికోణపు గోడకొసలు, తాడు మెలికలా చెక్కిన రాతి పట్టీ. కింద జొన్న కాండం, పైన కంకి. వాకిలి ఇప్పటికీ ఒక్కటే. దాని వెనుక యెట్ కూడా ఉంది.

కట్టించింది రాజూ కాదు, యోధుడూ కాదు. బాల్టిక్ సముద్రం మీద డాన్‌జిగ్, అంటే నేటి గ్డాన్స్క్, రేవుతో వ్యాపారం చేసి సంపాదించిన విలియం ఫోర్బ్స్. జనం డాన్‌జిగ్ విల్లీ అని పిలిచేవారు. 1610లో మోర్టిమర్ వంశం నుంచి సగంలో ఆగిన కట్టడాన్ని కొని, 1626లో పూర్తి చేశాడు. అప్పటికి రెండు దేశాలకు రాజు ఒక్కడే అయి ఇరవయ్యేళ్ళు దాటింది. ఫిరంగి ముందు ఇలాంటి గోడ ఎక్కువసేపు ఆగదని కూడా అందరికీ తెలుసు. మరి అంత డబ్బున్నవాడు సుఖంగా, వెడల్పుగా, నేల మీద పరుచుకున్న భవంతి కట్టుకోక బురుజే ఎందుకు కట్టాడు? నేను ఆ గడ్డి మీద నిలబడి ఆలోచించిన సంగతి ఇదే. మూడు వందల ఏళ్ళలో బురుజు ఆ నేలలో దొరతనానికి భాషగా మారిపోయింది. భూమి ఉన్నవాడి ఇల్లు నిలువుగా ఉంటుంది. కొత్తగా భూమి కొన్నవాడు ఆ మాట పాతవాళ్ళకంటే స్పష్టంగా పలకాలి. మన గడీల ముందు ఏనుగు కూడా పట్టేంత దర్వాజాలు కట్టించినవారిలో ఏనుగు ఉన్నవారెందరు? భయం పోయాక కూడా దాని ఆకారం గౌరవంగా నిలబడటం నేను మా జిల్లాలోనే చూశాను. అయినా క్రెయిగీవార్ అందాన్ని కాదనలేను. మొదటి చూపులోనే అది మనసులో నాటుకుపోయింది.

ఇక ఆ రంగు. రాతి గోడ మీద సున్నమూ గులకరాళ్ళూ కలిపిన ముద్దను తాపీతో విసిరి కొట్టి, పైన రంగు సున్నం వేయడాన్ని ఇక్కడ హార్లింగ్ అంటారు. 20వ శతాబ్దంలో ఈ గోడలకు సిమెంటు పూత వేశారు. సిమెంటు గట్టిది, కాని లోపలికి దిగిన తడిని బయటికి వదలదు. గోడ చెమ్మ పట్టింది. 2007 తర్వాత ఆ సిమెంటునంతా ఒలిచి, తిరిగి సున్నంతోనే హార్లింగ్ చేశారు; ఇటీవల గులాబి రంగు సున్నం మళ్ళీ వేశారు. ఇది విన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. పాత గుళ్ళ గోడలకు సిమెంటు పూసి, పదేళ్ళకే పెచ్చులు ఊడుతుంటే మళ్ళీ సిమెంటే పూయడం నా ఉద్యోగ కాలంలో ఎన్నో చోట్ల చూశాను, వద్దని రాసిన కాగితాలూ ఉన్నాయి. కోట చూపించే పెద్దావిడకు మన డంగు సున్నం సంగతి చెప్పాను: గానుగలో ఎద్దులు తిప్పే రాతిచక్రం కింద ఇసుకా సున్నమూ నలగడం, కరక్కాయ నానబెట్టిన నీళ్ళూ బెల్లమూ కలపడం, వేలితో పట్టి చూసి జిగి తెలుసుకోవడం. ఆవిడ కరక్కాయ అనే మాటను మూడుసార్లు పలికించుకుని తన చిన్న పుస్తకంలో రాసుకుంది.

లోపల పై అంతస్తుల్లో విద్యుద్దీపాలు లేవు. వెలుతురంతా కిటికీలదే. జూన్ నెల కావడం మా అదృష్టం. రాత్రి పదింటికి గాని పొద్దుగుంకదు. సావడి కప్పంతా గచ్చుతో పోతపోసిన అల్లిక, కిందికి వేలాడే బుడిపెలు, మధ్యమధ్య పురాణ వీరుల ముఖాలు. నెగడు గూటి మీద గోడ వెడల్పున రాజముద్ర, సింహమూ ఒంటికొమ్ము గుర్రమూ. తన భూమిలో తగవులు తీర్చే అధికారం రాజు నుంచి నేరుగా వచ్చిందని చెప్పుకునే చిహ్నమది. మెట్ల దగ్గర 1668 తేదీతో ఒక మాట చెక్కి ఉంది, పడుకున్న కుక్కలను లేపవద్దని. మనవరాలు ఆ పాత అక్షరాలను కూడబలుక్కుని చదివి, అక్కడి నుంచి మునివేళ్ళ మీద నడిచింది.

ఒక కిటికీ గూట్లో మూర వేశాం. డ్రమ్‌లో వచ్చినదానిలో సగానికి కాస్త అటూ ఇటూగా తేలింది. “తాతయ్యా, గోడ సగమైపోయిందే” అంది మనవరాలు. ఆ గూట్లో కూర్చోవడానికి రెండు పక్కలా తిన్నెలున్నాయి, మన వీధి అరుగుల్లాగే. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. కిటికీలోంచి గొర్రెల మందా, బార్లీ చేలూ, దూరాన కొండా కనబడుతున్నాయి.

ఇంటి దగ్గర

పట్టికలో మూడు వరుసలు నిండాయి. నాలుగో వరుసలో మనవరాలు తాతయ్య ఊరి బురుజు అని రాసి, మందం గడి ఖాళీగా వదిలింది. అరవై ఎనిమిదేళ్ళలో నేను ఆ బురుజును ఎన్నడూ కొలవలేదు. మొన్న ఆదివారం ఊరికి వెళ్ళి, గోడ విరిగిన చోట రాళ్ళ మీదికి ఎక్కి చెయ్యి ఆనించాను. నాలుగు మూరల ఒక జాన వచ్చింది. మధ్యలో మట్టి నింపి, రెండు వైపులా రాయి పేర్చి, డంగు సున్నంతో సందులు మెత్తారు. పై వరుసలో ఒక రావి మొక్క వేరు దించుతోంది; చేతికి అందలేదు. పక్కింటి కుర్రవాడు నిచ్చెన తెస్తానన్నాడు. కొలత అబర్డీన్‌కు ఫోనులో చెప్పాను, గడి నిండింది.